నెర్హాలో ఎనిమిది రాత్రులు: మూడు తరాల తెలుగు కుటుంబానికి స్పెయిన్ సముద్రతీరంలో సెలవులు ప్లాన్ చేసిన తీరు

మ్యూనిక్‌లో స్థిరపడిన ఒక తెలుగు అమ్మాయి 2024 మొదట్లో నాకో జాబితా పంపింది. బార్సిలోనా, మాడ్రిడ్, సెవిల్, గ్రనాడా, మాలగా. ఐదు ఊళ్లు, తొమ్మిది రోజులు, ఆరుగురు మనుషులు. జాబితా కింద ఒక్క వాక్యం రాసింది: "అమ్మానాన్నలకి సముద్రం దగ్గర ప్రశాంతంగా కొన్ని రోజులు గడిపినట్టుండాలండీ." పైన రాసిన ఊళ్లకూ కింద రాసిన వాక్యానికీ పొత్తు కుదరదు. నేను కింది వాక్యాన్ని పట్టుకున్నాను.

కుటుంబ ప్రయాణాలు ప్లాన్ చేసి పెట్టడం నా వృత్తి. ఈ కుటుంబం అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను, పేర్లు మాత్రం ఇవ్వడం లేదు. ప్రయాణంలో అందరికన్నా నెమ్మదిగా నడిచేదెవరు, అందరికన్నా ముందు ఆకలేసేదెవరికి అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలిశాకే నేను మ్యాప్ తెరుస్తాను. ఈ కేసులో ఆ పద్ధతి ఊరిని, ఇంటిని, రోజులను ఎలా మార్చిందో చెప్పడమే నా ఉద్దేశం.

కుటుంబం

అమ్మాయి, భర్త, తొమ్మిదేళ్ల కొడుకు, ఐదేళ్ల కూతురు మ్యూనిక్‌లో ఉంటారు. ఆమె తల్లిదండ్రులు రాజమండ్రి నుంచి వేసవికి వాళ్ల దగ్గరికి వస్తున్నారు. పెద్దాయనకు డెబ్భై దాటాయి. చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. షుగర్ ఉంది, భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకుంటారు. పెద్దావిడకు రెండు మోకాళ్లూ నొప్పులే. చదునైన దారిలో అరగంట నడుస్తారు గానీ మెట్లు దిగడం కష్టం. శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు.

వీడియో కాల్‌లో అమ్మాయితో మాట్లాడాక, పెద్దవాళ్లతో విడిగా మాట్లాడతానని అడిగాను. పిల్లల ముందు పెద్దవాళ్లు "మాదేముంది, మీకెలా వీలైతే అలాగే" అంటారు. ఆ మాటను బట్టి ప్లాన్ వేస్తే మూడో రోజుకల్లా ఎవరో ఒకరు హోటల్ గదిలో పడుకుండిపోతారు. విడిగా అడిగేసరికి పెద్దావిడ అసలు మాట చెప్పారు: "రోజూ పెట్టెలు సర్దడం నావల్ల కాదమ్మా. ఒక్కచోట ఉంటే పొద్దున్నే లేచి కాఫీ పెట్టుకుని సముద్రం చూస్తా." పెద్దాయన కోరిక వేరు. "అక్కడ చెరుకు పండుతుందటగా, ఫ్యాక్టరీ ఏదైనా చూడొచ్చాండీ?" అన్నారు. ఆ రెండో మాటే చివరికి ఊరిని నిర్ణయించింది.

ఐదు ఊళ్ల జాబితా అక్కడితో ఆగింది. ఊరు మారిన ప్రతిసారీ దాదాపు ఒక పూట పోతుంది. పొద్దున పదకొండుకో పన్నెండుకో గది ఖాళీ చేయాలి, కొత్త చోట మధ్యాహ్నం మూడింటి దాకా తాళం ఇవ్వరు. ఈ మధ్యలో ఇన్సులిన్ తీసుకునే మనిషి, ఐదేళ్ల పిల్ల, ఆరు పెట్టెలతో స్టేషన్‌లో కూర్చోవాలి. తొమ్మిది రోజుల్లో అది నాలుగుసార్లు జరిగేది.

తేదీలు మన చేతిలో లేవు

జర్మనీలో బడి హాజరు చట్టప్రకారం తప్పనిసరి. సెలవులకు రెండు రోజుల ముందు పిల్లల్ని మానిపించి విమానం ఎక్కడానికి వీల్లేదు. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో పెంతెకొస్తు పండుగకు రెండు వారాల సెలవులిస్తారు. ఈస్టర్‌ను బట్టి ఆ తేదీలు ఏటా మారతాయి. 2024లో మే 21 నుంచి జూన్ 1 దాకా వచ్చాయి. మే 21 మంగళవారం బయల్దేరి 29 బుధవారం తిరిగి రావాలని అనుకున్నాం.

ఈ తేదీల్లో ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. బవేరియా మొత్తం ఒకేసారి బయల్దేరుతుంది కాబట్టి మ్యూనిక్ నుంచి విమాన టికెట్లు మండిపోతాయి. మాలగా, గ్రనాడా ఉన్న దక్షిణ స్పెయిన్ ప్రాంతం అందలూసియాలో మాత్రం బడులు జూన్ మూడో వారం దాకా నడుస్తాయి కాబట్టి ఇళ్ల అద్దెలు ఇంకా పెరగవు. అందుకే ముందు విమానం కొనిపించాను, ఇంటికి తొందరపడలేదు.

సముద్రం సంగతి ముందే స్పష్టంగా చెప్పాను. మే నెలలో బంగాళాఖాతం నీళ్లు 29, 30 డిగ్రీల దగ్గర ఉంటాయి. కాకినాడ తీరం చూసిన మనిషికి సముద్రమంటే గోరువెచ్చగానే గుర్తుంటుంది. మాలగా తీరంలో మే ఆఖరున నీళ్లు 18 డిగ్రీల చుట్టూ ఉంటాయి. ఆగస్టులో కూడా 23 దగ్గరే ఆగిపోతాయి. కారణం జిబ్రాల్టర్. ఆ జలసంధి గుండా అట్లాంటిక్ చల్లటి నీరు లోపలికి వచ్చి, మొదట ఈ తీరం ముందున్న ఆల్బొరాన్ సముద్రంలోనే చేరుతుంది. అదే మధ్యధరాలో ఇంకా తూర్పుకు, ఆలికాంతే వైపు వెళ్తే వేసవిలో నీళ్లు వెచ్చబడతాయి. పిల్లలు ఎలాగూ దిగుతారు, పెద్దవాళ్లు పాదాలు తడుపుకుని ఒడ్డున కూర్చుంటారని ముందే అనుకున్నాం.

ఊరి ఎంపిక

మూడు ఊళ్లు పరిశీలించాం. సిట్‌జెస్ బార్సిలోనాకు రైల్లో ముప్పావుగంట లోపే. ఊరు బాగుంటుంది, కానీ అంత దగ్గర్లో బార్సిలోనా ఉంటే రోజూ "ఒక్కసారి వెళ్లొద్దాం" అన్న మాట వస్తుంది. ప్రశాంతంగా ఉండాలన్న కోరిక అక్కడే పోతుంది. దాన్ని త్వరగానే పక్కన పెట్టాం.

ఆలికాంతే వైపున్న బెనిదోర్మ్ గట్టి పోటీ ఇచ్చింది. ఎత్తైన భవనాల ఊరని చాలామంది తీసిపారేస్తారు. కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషికి అంత అనుకూలమైన తీరం స్పెయిన్‌లో అరుదు. లెవాంతే బీచ్ పొడవునా చదునైన నడకదారి, పక్కనే లిఫ్ట్ ఉన్న ఫ్లాట్లు, నీళ్లు కూడా కాస్త వెచ్చన. పెద్దావిడ ఒక్కరే వెళ్తుంటే నేను బెనిదోర్మ్‌కే ఓటు వేసేదాన్ని.

నెర్హా వైపు తూకం మొగ్గింది పెద్దాయన వల్ల. మాలగా నగరానికి తూర్పున 50 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కొండలు సముద్రంలోకి దిగే చోట ఉన్న తెల్ల ఊరది. రైలు లేదు, బస్సే. ఇరవై వేల పైచిలుకు జనాభా. ఈ తీరానికి చెరుకును అరబ్బులు తెచ్చారు. తర్వాత శతాబ్దాల పాటు మాలగా, గ్రనాడా తీరాలు చక్కెర మీదే బతికాయి. నెర్హా పక్కనే మారో అనే పల్లెలో 19వ శతాబ్దపు చక్కెర మిల్లు ఉంది. ఆ మిల్లుకు నీళ్లు తేవడానికి కట్టిందే ఆగిలా అక్విడక్ట్. నాలుగు అంతస్తులు, 37 కమానులు, లోయకు అడ్డంగా ఇటుకతో కట్టిన కాలువ వంతెన. దగ్గర్లోని సలొబ్రెన్యా ప్రాంతంలో ఐరోపా ప్రధాన భూభాగంలోని చివరి చెరుకు చక్కెర ఫ్యాక్టరీ 2006లో మూతపడింది. ఇప్పుడు ఆ పొలాల్లో అవకాడో, మామిడి, సీతాఫలం జాతి చెట్లు ఉన్నాయి. నెర్హా పైన కొండ మీది ఫ్రిహిలియానాలో మాత్రం ఒక పాత మిల్లు ఇప్పటికీ చెరుకు పాకం కాస్తోంది.

ఇదంతా ఫోన్లో చెబుతుంటే పెద్దాయన చాలాసేపు ప్రశ్నలు అడిగారు. రసం ఎలా తీస్తారు, పాకం ఎంత చిక్కన, సున్నం వేస్తారా వేయరా అని. అందరి వెనకా బ్యాగ్ మోసుకుని నడిచే తాతయ్యగా కాక, తనకంటూ ఒక పని ఉన్న మనిషిగా ఆయన ఈ ప్రయాణానికి వస్తారని నాకు అప్పుడే అనిపించింది. మూడు తరాల ప్రయాణంలో ప్రతి ఒక్కరికీ సొంతమైనది ఒకటి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఊరి ఎంపికలో దానికి బీచ్ కన్నా ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇల్లు: మ్యాప్‌లో కనపడని ఎత్తు

నెర్హాతో చిక్కంతా ఎత్తుపల్లాలే. ఊరు గట్టు మీద ఉంటుంది, బీచ్‌లు గట్టు కింద. పేరున్న బురియానా బీచ్ మ్యాప్‌లో ఊరి నడిమధ్య నుంచి కిలోమీటరు లోపే కనిపిస్తుంది, కానీ అక్కడికి దిగే దారి బాగా వాలు. దిగడం ఒక ఎత్తు, ఎండలో మళ్లీ ఎక్కడం ఇంకో ఎత్తు. ఊరి మధ్యలో ఉన్న కలహొందా, కరబేయో బీచ్‌లకు మెట్లే గతి.

అమ్మాయి పంపిన మొదటి ఇల్లు కొండవాలు మీద, ఈత కొలను ఉన్న తెల్లటి విల్లా. ఫొటోలు చాలా బాగున్నాయి. నేను యజమానిని మూడు విషయాలు అడగమన్నాను: రోడ్డు మీద కారు ఆగే చోటు నుంచి ఇంటి తలుపు దాకా ఫొటోలు, లోపల ఎన్ని మెట్లు, దగ్గరి కిరాణా షాపుకు నడిచే దారిలో వాలు ఎంత. ఆ ఫొటోల్లో తలుపు దాకా రాతి మెట్ల వరస కనపడింది. ఇంకేం మాట్లాడక్కర్లేకపోయింది.

చివరికి ఊరికి పడమటి వైపు తొర్రెసియా బీచ్ దగ్గర తీసుకున్నాం. అక్కడ నేల చదును. బీచ్ పక్కన నడకదారి ఉంది, సూపర్ మార్కెట్ దగ్గర. పెద్ద ఫ్లాట్ ఒకటి కాకుండా లిఫ్ట్ ఉన్న భవనంలో ఒకే అంతస్తులో రెండు చిన్న ఫ్లాట్లు తీసుకోమన్నాను. పెద్దవాళ్లు ఐదింటికి లేస్తారు, పిల్లలు ఎనిమిదింటి దాకా పడుకుంటారు. గోడ ఒకటి మధ్యలో ఉంటే ఎవరూ ఎవరి కోసం పిల్లిలా నడవక్కర్లేదు. రెంటిలోనూ వంటగది ఉండాలన్నది నా షరతు.

అందలూసియాలో సెలవు ఇళ్లకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. మాలగా జిల్లా ఇళ్లకు ఆ నంబరు మధ్యలో ఎంఏ అని వస్తుంది. ప్రకటనలో అది లేని ఇంటికి అడ్వాన్స్ కట్టవద్దు. బస ఆధారం వీసా ఫైల్లో కూడా పెట్టాలి కాబట్టి ఇది రెండు విధాలా ముఖ్యం. ఇంటివాళ్లు వచ్చినవాళ్లందరి పాస్‌పోర్ట్ వివరాలూ తీసుకుంటారు. అది అక్కడి చట్టం, కంగారుపడక్కర్లేదు.

వీసా: ఏ దేశానికి అడగాలి

పెద్దవాళ్లు మొత్తం ఆరు వారాలు ఐరోపాలో ఉంటారు. స్పెయిన్‌లో ఎనిమిది రాత్రులు, మిగతాదంతా జర్మనీలో కూతురింట్లో. స్పెయిన్ అపాయింట్‌మెంట్ త్వరగా దొరికితే దానికే పెట్టేయమని వాళ్లకు ఎవరో సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల బృందాన్ని షెంగెన్ అంటారు. ఆ నిబంధన ప్రకారం ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో, అసలు ప్రయాణం ఏ దేశం కోసమో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ఇక్కడ అది జర్మనీ. స్పెయిన్ రోజులు ఎనిమిదే అయినా వాటినీ దాచకుండా ప్రయాణ వివరాల్లో రాశాం. మ్యూనిక్ నుంచి మాలగాకు రానూపోనూ టికెట్లు, ఇంటి బుకింగ్ జత చేశాం.

ఇన్సూరెన్స్ షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించాలి, కనీసం 30,000 యూరోల కవర్ ఉండాలి. అది అందరికీ తెలిసిందే. తక్కువమంది చదివేది పాత జబ్బుల గురించిన పేజీ. షుగర్ ఉన్న మనిషికి అక్కడ అత్యవసర చికిత్స అవసరమైతే పాలసీ ఇస్తుందా లేదా అన్నది ఆ పేజీలోనే ఉంటుంది. ప్రీమియం కొంచెం ఎక్కువైనా పాత జబ్బు వల్ల వచ్చే అత్యవసర పరిస్థితిని కవర్ చేసే పాలసీయే తీసుకున్నాం. డాక్టర్ దగ్గర ఇంగ్లిష్‌లో ఒక లెటర్ రాయించాం: మందుల పేర్లు, మోతాదు, సూదులు ఎందుకు వెంట ఉన్నాయో. ఇన్సులిన్ చేతి సంచిలోనే పెట్టాలి. చెక్-ఇన్ పెట్టెలో పెడితే విమానం అడుగున గడ్డకట్టే ప్రమాదం ఉంది, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

మ్యూనిక్ నుంచి మాలగాకు వెళ్లేటప్పుడు మామూలుగా పాస్‌పోర్ట్ ముద్రలేమీ ఉండవు. అయినా ఆరుగురూ పాస్‌పోర్టులు, మ్యూనిక్ కుటుంబం పిల్లలవి సహా రెసిడెన్స్ కార్డులు వెంట ఉంచుకోవాలి. చాలామంది పిల్లల కార్డులు ఇంట్లోనే వదిలేస్తారు.

పెట్టెల్లో ఏం పెట్టకూడదో కూడా వీసాతో పాటే చెబుతాను. మే నెలలో రాజమండ్రి నుంచి కూతురి దగ్గరికి వెళ్తూ మామిడిపళ్లు తీసుకెళ్లకుండా ఉండటం తల్లికి ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఐరోపా యూనియన్‌లోకి మొక్కల ఆరోగ్య ధృవపత్రం లేకుండా అనుమతించే పళ్లు ఐదే: అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, దురియన్. మామిడి లేదు. పచ్చి కరివేపాకు కూడా కుదరదు. పాల పదార్థాలు నిషేధం కాబట్టి నెయ్యి, పాలకోవా వద్దు. ఆవకాయ, కందిపొడి, చింతపండు, ఇంగువ తీసుకెళ్లారు.

ఆకలి వేళలు

ఈ ప్రయాణంలో నేను ఎక్కువ ఆలోచించింది భోజనం గురించే. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు నుంచి నాలుగింటి మధ్య. ఆ తర్వాత చాలా రెస్టారెంట్లలో వంటగది మూసేస్తారు. రాత్రి భోజనం ఎనిమిదిన్నరకు మొదలవుతుంది, ఊరివాళ్లు తొమ్మిది దాటాకే వస్తారు. చిన్న షాపులు కూడా రెండు నుంచి ఐదింటి దాకా మూసి ఉంటాయి. ఒంటిగంటకు తిని, ఏడున్నరకు మళ్లీ తినే షుగర్ మనిషికి ఈ వేళలు సరిపడవు. ఇన్సులిన్ తీసుకున్నాక వంటగది మూసేశారని తెలిస్తే అది అసౌకర్యంతో ఆగదు, ప్రమాదం అవుతుంది.

అందుకని బయట భోజనం మధ్యాహ్నమే, రాత్రి భోజనం ఇంట్లోనే అని ఖాయం చేశాం. పనిరోజుల్లో చాలా చోట్ల మెనూ దెల్ దియా ఉంటుంది: మొదటి వంటకం, రెండో వంటకం, రొట్టె, ఒక డ్రింక్, చివర పండో తీపో, అన్నీ ఒకే ధరకు. ఒంటిగంటన్నరకు వెళ్తే జనం ఉండరు. ముందు రొట్టె టేబుల్ మీదికి వచ్చాకే ఇన్సులిన్ అని పెద్దాయనకు చెప్పాం. ఆయన డాక్టరు కూడా దానికి సరేనన్నారు.

శాకాహారం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అక్కడ కూరగాయల వంటకమని చెప్పినా అందులో హామ్ (పంది మాంసం) ముక్కలో, ట్యూనా చేపో ఉండటం మామూలే. అది మోసం కాదు, వాళ్ల వంట తీరు. బీచ్‌లో కట్టెల మంట మీద పెద్ద పెనంలో వండే పయేయా అనే అన్నం వంటకంలో కూరగాయలే కనిపించినా, ఉడికించింది చేప రసంలోనో కోడి రసంలోనో అయ్యుంటుంది. "మాంసం లేదు" అంటే సరిపోదు. మాంసం, చేప, హామ్, గుడ్డు, రసం ఇలా ఒక్కొక్కటీ పేరు పెట్టి వద్దని స్పానిష్‌లో రాసిన చిన్న కార్డు తయారుచేసి పెద్దావిడ పర్సులో పెట్టాం.

పెద్దావిడ తినగలిగేవీ చాలానే ఉన్నాయి. అన్నిటికన్నా ముందు వంకాయ. సన్నగా తరిగి పిండి అద్ది వేయించి, పైన చెరుకు పాకం పోసి ఇస్తారు. ఆ ప్రాంతపు వంటకమే అది. పిండిలో గుడ్డు లేదని అడిగి తెలుసుకోవాలి. బాదం, వెల్లుల్లితో చేసే చల్లటి సూప్ ఆహోబ్లాంకో, చల్లటి టమాటా సూప్ గస్పాచో కూడా కుదురుతాయి. చిక్కటి టమాటా సూప్ సల్మొరేహో మీద మాత్రం గుడ్డు, హామ్ చల్లుతారు, వద్దని చెప్పాలి. సూపర్ మార్కెట్‌లో బాస్మతి బియ్యం, కందిపప్పును పోలిన ఎర్రపప్పు, చక్కటి పెరుగు దొరుకుతాయి. చిన్న రైస్ కుక్కర్ మ్యూనిక్ నుంచే తీసుకెళ్లారు. రాత్రి ఏడున్నరకు పప్పు, పెరుగన్నం, ఆవకాయ. అల్లుడికీ పిల్లలకూ ఇష్టమైన సార్డీన్లు మధ్యాహ్నం బీచ్‌లో. పడవలో ఇసుక నింపి, అందులో మంట వేసి, పుల్లకు గుచ్చి కాలుస్తారు. ఒకే టేబుల్ దగ్గర రెండు రకాల భోజనమూ సాగింది.

రోజులు

పొద్దున ఒక్క పని, మధ్యాహ్నం ఇంట్లో విశ్రాంతి, సాయంత్రం నడక. ఎనిమిది రోజులకూ ఇదే చట్రం. ఆ నెలలో అక్కడ సూర్యాస్తమయం తొమ్మిదింబావు దాటాకే. రాత్రి భోజనం అయ్యాక కూడా వెలుగుంటుంది కాబట్టి రోజు చిన్నదైపోయిందన్న బాధ ఎవరికీ ఉండదు.

మాలగా విమానాశ్రయం నగరానికి పడమర, నెర్హా తూర్పున. విమానాశ్రయం నుంచి నెర్హాకు నేరు బస్సులున్నాయి. అయినా పిల్లల సీట్లు ఉన్న వ్యాన్ ముందే మాట్లాడాం, గంటలో చేర్చింది. మిగతా రోజులకు కారు తీసుకోవద్దన్నాను. ఊళ్లో పార్కింగ్ వెతకడంతోనే అల్లుడి సెలవు అయిపోతుంది.

మొదటి సాయంత్రం బాల్కోన్ దె యూరోపా. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన గట్టు, పైన చదునైన వేదిక. 1884 డిసెంబర్ 25 నాటి భూకంపం అందలూసియాను కుదిపేశాక, దెబ్బతిన్న ఊళ్లను చూడటానికి 1885 జనవరిలో వచ్చిన రాజు 12వ అల్ఫోన్సో ఈ గట్టుకు ఆ పేరు పెట్టాడని ఊరి కథ. ఆయన కంచు విగ్రహం కటకటాల దగ్గర నిలబడి ఉంటుంది. పిల్లలు దాని పక్కన ఫొటోలు దిగారు. పెద్దావిడకు మాత్రం అక్కడి బెంచీలు నచ్చాయి. దాదాపు ప్రతి సాయంత్రం అక్కడికే వెళ్దామన్నారు.

గ్రనాడా రోజున కుటుంబాన్ని రెండుగా విడదీయడం ఈ ప్లాన్‌లో నేను గట్టిగా పట్టుబట్టిన విషయం. గ్రనాడా కొండ మీది పాత కోట, రాజభవనాల సముదాయం అల్హాంబ్రా అంటే గంటల తరబడి నడక, రాళ్ల దారి, ఎక్కడం దిగడం. అది అమ్మాయి చిన్నప్పటి నుంచీ చూడాలనుకున్న చోటు. కాబట్టి అమ్మాయి, నాన్న, కొడుకు వెళ్లారు. అల్లుడు అత్తగారితోనూ చిన్నదానితోనూ నెర్హాలో ఉన్నాడు. మొదట అమ్మాయి ఒప్పుకోలేదు. "అమ్మని వదిలేసి వెళ్లినట్టుంటుంది" అంది. పెద్దావిడే "నువ్వెళ్లి రావే, నాకూ కాస్త తీరిక దొరుకుతుంది" అని తేల్చేశారు.

అల్హాంబ్రా టికెట్లు పేరు మీద ఇస్తారు. లోపలికి వెళ్లేటప్పుడు అసలు పాస్‌పోర్ట్ చూపించాలి. అందులోని నాస్రిద్ రాజవంశపు భవనాలకు టైమ్ స్లాట్ ఉంటుంది, అది దాటితే లోపలికి పంపరు. టికెట్లు వారాల ముందే అయిపోతాయి కాబట్టి వీసా చేతికి రాకముందే కొన్నాం. ఆ రిస్క్ తీసుకోవాల్సిందే. తేదీ కూడా చూసి పెట్టాం. 2024లో కార్పుస్ అనే క్రైస్తవ పండుగ మే 30 గురువారం వచ్చింది, గ్రనాడాలో ఆ వారమంతా తిరునాళ్లే. అది మొదలవక ముందే, 24 శుక్రవారం వెళ్లి వచ్చారు. బస్సులో రెండు గంటలు దాటుతుంది. పెద్దాయన కోసం పులిహోర డబ్బా వెంట తీసుకెళ్లారు. కొండ మీద అంత నీళ్లు ఎక్కడివని ఆయన అడిగారట. దారో నది ఎగువ నుంచి కాలువ తవ్వి తెచ్చిన నీళ్లవి. తోటల్లో ఆ కాలువ వెంటే నడిచారు.

ఫ్రిహిలియానా రోజు పెద్దాయనది. నెర్హా నుంచి బస్సు కొండ మీదికి కొద్ది నిమిషాల్లో చేరుస్తుంది, ఆగే చోటికి దగ్గర్లోనే పాత మిల్లు భవనం. అక్కడి దాకా పెద్దావిడ కూడా హాయిగా వచ్చారు. మూరిష్ (ముస్లిం పాలన) కాలం నాటి పాత పేట అంతా నిట్టనిలువు మెట్లు. 1569లో మొరిస్కోల, అంటే క్రైస్తవంలోకి మార్చిన ముస్లింల తిరుగుబాటును ఇక్కడి కొండ మీద అణచివేసిన కథను పింగాణీ పలకల మీద రాసి గోడలకు అతికించారు. అమ్మాయీ అల్లుడూ పిల్లలతో వాటిని చదువుకుంటూ పైకి వెళ్తే, పెద్దవాళ్లిద్దరూ కిందే నీడలో కూర్చున్నారు. పెద్దాయన చెరుకు పాకం సీసాలు కొని, వేలితో రుచి చూసి, "ఆయ్, మన అనకాపల్లి పాకం ఇంకాస్త చిక్కనండీ" అని నాకు వాయిస్ మెసేజ్ పెట్టారు. షుగర్ ఉన్నాయన చేసిన ఆ పనికి పెద్దావిడ కోపం కూడా అదే మెసేజ్‌లో వినిపించింది.

ఒకరోజు తూర్పుగాలి వచ్చింది. అక్కడ దాన్ని లెవాంతే అంటారు. అలలు లేచి బీచ్‌లో ఎర్రజెండా పెట్టారు. మర్నాడు కూడా తగ్గలేదు. ఇలాంటి రోజుల కోసమే నెర్హా గుహలను తేదీ లేకుండా పక్కన ఉంచాం. 1959 జనవరి 12న మారో దగ్గర గబ్బిలాల కోసం తిరుగుతున్న ఐదుగురు కుర్రాళ్లకు కనపడిన గుహలవి. లోపల ఒక స్తంభం 32 మీటర్ల ఎత్తు. పిల్లలతో పాటు నలుగురు పెద్దవాళ్లలో ముగ్గురూ లోపలికి వెళ్తే పెద్దావిడ ఒక్కరే అయిపోతారు, లోపలంతా మెట్లు. అందుకని అల్లుడు పిల్లల్నీ మామగారినీ తీసుకెళ్లాడు. తల్లీకూతుళ్లు మారో చర్చి దగ్గరి గట్టు మీద కూర్చుని అలలు చూశారు. ఆ రెండు గంటలే తనకు అన్నిటికన్నా నచ్చాయని అమ్మాయి తర్వాత చెప్పింది. ఊరు దాటి అమ్మతో ఒక్కతే కూర్చుని ఎన్నేళ్లయిందో అంది. దారిలోనే అక్విడక్ట్. వ్యాన్ ఆపించి పెద్దాయన కమానులు లెక్కపెట్టారట.

బీచ్‌లో జెండా రంగు రోజూ పొద్దున్నే చూడమని చెప్పాం. పచ్చజెండా ఉంటేనే పిల్లలు దిగాలి, పసుపైతే పెద్దవాళ్ల చేయి పట్టుకుని ఒడ్డునే. ఇక్కడ ఇసుకలో గులకరాళ్లు ఎక్కువ కాబట్టి నీళ్లలో వేసుకునే చెప్పులు అందరికీ కొన్నాం. చల్లటి నీళ్లని ముందే చెప్పినా పెద్దావిడ చివరిరోజుకు మోకాళ్ల దాకా దిగారు.

ఖర్చు, ఇంకా ఏం మార్చుకోవాలి

ఖర్చులో సగానికి దగ్గరగా విమానాలకే పోయింది, సెలవుల రద్దీ వల్ల. ఇళ్లది రెండో స్థానం. రోజువారీ ఖర్చు అనుకున్నదాని కన్నా తగ్గింది, కారణం రాత్రి వంట. బస్సు చార్జీలు లెక్కలోకి రానంత తక్కువ. అప్పట్లో పెద్దలకు షెంగెన్ వీసా ఫీజు 80 యూరోలు. 2024 జూన్ 11 నుంచి 90 అయింది. 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వారికి ఉచితం.

తెలుగు రాష్ట్రాల నుంచి నేరుగా వెళ్లే కుటుంబాలకు ఇదే చట్రం పనికొస్తుంది, కొన్ని మార్పులతో. మన బడుల సెలవులు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా కాబట్టి కాలం దాదాపు ఇదే. అప్పుడు ప్రయాణమంతా స్పెయిన్‌లోనే అయితే వీసా స్పెయిన్‌కే అడగాలి. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందు తప్పనిసరి. వేసవి రద్దీలో నిర్ణయానికి 45 రోజుల దాకా పట్టవచ్చని లెక్కేసుకోండి. ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లకు వేసవిలో మూడున్నర గంటల తేడా ఉంటుంది. తెల్లారుజామున మెలకువ వచ్చి, సాయంత్రం ఐదింటికే రాత్రి భోజనం ఆకలి వేస్తుంది. సరిగ్గా ఆ వేళకే అక్కడి వంటగదులు మూసి ఉంటాయి. కాబట్టి వంటగది ఉన్న ఇల్లు మీకు ఇంకా ముఖ్యం.

జూలై, ఆగస్టుల్లో వెళ్లాలనుకునేవాళ్లు తెర్రాల్ గురించి తెలుసుకోవాలి. నేల మీది నుంచి సముద్రం వైపు వీచే వేడిగాలి అది. వీచిన రోజున ఎండ మండుతుంది, సముద్రం మాత్రం ఇంకా చల్లబడుతుంది. ఒడ్డు దగ్గరి వెచ్చటి పైనీళ్లను గాలి లోపలికి నెట్టేస్తే అడుగునున్న చల్లటి నీరు పైకి వస్తుంది. పెద్దవాళ్లను ఆ రోజు మధ్యాహ్నం బయటికి తీసుకెళ్లవద్దు. బడి పిల్లలు లేని కుటుంబమైతే నేను సెప్టెంబరే చెబుతాను. నీళ్లు వేసవంతా కాగి ఉంటాయి, అద్దెలు తగ్గుతాయి, నెర్హా చుట్టుపక్కల తోటల్లో మామిడి కోతలు మొదలవుతాయి.